తీరిక వేళ: కాపరి ఈల

మా పక్క క్వార్టరులో ఎనిమిదవ తరగతి చదువుతున్న అమ్మాయి ఒకతె ఉన్నది. వేసవి సెలవులలో కాలనీ గేటు వద్ద దొరికిన ఊరకుక్క పిల్లను ఒకదానిని ఇంటికి తెచ్చి, దానికి ‘టైగర్’ అని నామకరణం చేసి, శిక్షణ మొదలుపెట్టినది. ప్రతి సాయంత్రం ఆరు గంటలు మొదలు ఆరున్నర వరకు “కూర్చో, టైగర్, కూర్చో, కూర్చో, కూర్చోమన్నానా!” అన్న పాఠం మా వరండాలోకి స్పష్టంగా వినవస్తుంది. టైగర్ మాత్రం ఆ అరగంటా నిలబడే ఉంటుంది. ఒకనాడు ఆ అమ్మాయి విసిగి మా వద్దకు వచ్చి, “అంకుల్, ‘బేబ్’ సినిమాలో పందిపిల్ల కూడా గొర్రెలను దొడ్డిలోకి తోలింది. మా టైగర్ కూర్చోవడానికి కూడా ఎందుకు ఒప్పుకోదు?” అని నిలదీసినది.

1995లో విడుదలైన ఆ ఆంగ్ల చిత్రాన్ని మన పాఠకులలో చాలామంది పిల్లలతో కలిసి చూచే ఉంటారు. గొర్రెలను తోలే కుక్కల పోటీలో ఒక పందిపిల్ల పాల్గొని అందరి మెప్పు పొందడం అందులోని కథ. పందిపిల్ల కల్పన. పోటీ మాత్రం కల్పన కాదు. అటువంటి పోటీ ఒకటి మేము కళ్ళారా చూచాము. అంతకన్నా ముఖ్యంగా, ఆ కుక్కలను ఎట్లా తయారుచేస్తారో కొద్ది వారాలపాటు దగ్గర నుండి గమనించే అవకాశం మాకు కలిగినది. ఈ విషయం గూర్చి ఈ శీర్షికలో వ్రాయాలని ఏనాటి నుండో అనుకుంటూ, వాయిదా వేస్తూ వచ్చాము. ఆ వాయిదాకు ఒక కారణం ఉన్నది. తగిన చోట దానిని కూడా విన్నవించుకుంటాము.

1998 ఆగస్టులో ఆరు వారాల శిక్షణకై మమ్మల్ని ఇంగ్లాండు ఉత్తర భాగంలోని న్యూకాసిల్ నగరానికి పంపించారు. శని, ఆదివారాలు సెలవు. దినభత్యంలో నాలుగు రాళ్ళు మిగుల్చుకోవాలన్న సంకల్పం మన వారందరికీ సహజమే గనుక, లండను ప్రయాణాలు పెట్టుకోక బస చేసిన ఇంటిలోనే కాలక్షేపం చేస్తూ ఉండేవాళ్ళం. ఆ ఇంటి యజమానురాలికి మా మీద జాలి కలిగి కాబోలు, రెండవ వారాంతంలో తన అన్నగారి ఇంటికి వెంట తీసుకొని వెళ్ళినది. ఆయన నార్తంబర్లాండు జిల్లాలో రీడ్ నది లోయలో గొర్రెల కాపరి. అరవై దాటిన మనిషి. చెట్టూ చేమా పెద్దగా లేని పచ్చటి కొండలు, వాటిమీద బియ్యం చల్లినట్లుగా గొర్రెలు, ఆగి ఆగి కురిసే సన్నని జల్లు. ఆ ఇంటిలో మనుషులు ఇద్దరు, కుక్కలు ఐదు.

అవి నలుపు తెలుపు రంగుల ‘బోర్డర్ కాలీ’ జాతి కుక్కలు. ఇంగ్లాండుకు, స్కాట్లాండుకు మధ్యనున్న సరిహద్దు కొండల వలన ఆ పేరు వచ్చినది. వాటిలో నెల్ అనే ఆరేళ్ళ ఆడకుక్క పెద్దాయనకు పోటీలలో తోడు. గ్లెన్ అనేది పది నెలల పిల్ల. దాని చదువు అప్పుడే మొదలైనది. ఆ శనివారం మధ్యాహ్నం ఆయన గ్లెన్‌ను ఒక చిన్న గుండ్రటి కంచెలోకి తీసుకొని వెళ్ళారు. అందులో కుక్కలకు బాగా అలవాటుపడిన గొర్రెలు ఐదారు ఉన్నాయి. శిక్షణ అనగానే మేము గట్టి గొంతుకను, గొలుసును, జేబులో బిస్కట్లను ఊహించుకున్నాము. అవేవీ కనిపించలేదు. ఆయన చేతిలో ఒక కర్ర మాత్రం ఉన్నది. పది నిమిషాలపాటు ఆయన దాదాపు ఏమీ మాట్లాడలేదు. అటు నాలుగడుగులు, ఇటు రెండడుగులు వేశారు, అంతే.

ఆ పది నిమిషాలలో జరిగినది ఏమిటో మాకు అర్థమయ్యేసరికి మరి రెండు వారాలు పట్టినది. గడియారపు ముఖాన్ని ఒకదానిని నేలమీద ఊహించుకోండి. మధ్యలో గొర్రెలు. ఆరు అంకె వద్ద మనిషి. లోపలికి వదలిన కుక్క, ఎవరూ చెప్పకపోయినా, గొర్రెలను చుట్టి పన్నెండు అంకె వద్దకు చేరుకుంటుంది. మనిషి ఏడు అంకెకు జరిగితే అది ఒంటిగంటకు జరుగుతుంది. మనిషి ఐదుకు వస్తే అది పదకొండుకు పోతుంది. మందను ఎల్లప్పుడూ తనకూ మనిషికీ నడుమ నిలుపుకోవాలన్నది దాని నెత్తుటిలో ఉన్న కోరిక. దీనిని వారు ‘బ్యాలెన్స్’ అంటారు. ఇంజనీర్లకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. మనిషి కదలికే కుక్కకు ఆజ్ఞ. నిలబడవలసిన చోటు తెలియని శిక్షకుడు ఎంత అరచినా ప్రయోజనం లేదని ఆయన మాకు అనుభవపూర్వకంగా నిరూపించారు కూడా. ఒక ఆదివారం మమ్మల్ని ఆ ఆరు అంకె వద్ద నిలబెట్టి, తాను కంచె అవతల నిలుచున్నారు. మేము రెండడుగులు తప్పుగా వేశాము. గొర్రెలు మా మోకాళ్ళను రాసుకుంటూ పోయాయి. గ్లెన్ మావైపు చూచిన చూపు మా పై అధికారుల చూపులలో కూడా ఎన్నడూ చూడలేదు.

ఈ కోరిక ఎక్కడి నుండి వచ్చినది? తోడేలు వేటాడే విధానంలో వరుసగా కొన్ని మెట్లు ఉన్నాయి. కన్ను నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టుకొని కరవడం, చంపడం. మానవుడు తరతరాలుగా ఏరి ఏరి జత కట్టించి, ఈ జాతిలో మొదటి మూడు మెట్లను పెంచి, చివరి రెండింటిని అణచివేశాడు. అందుచేతనే ఈ కుక్క తల వంచి, రెప్ప వేయక, పిల్లిలా పొంచి నడుస్తుంది. ఆ చూపును వారు ‘ఐ’ అంటారు, అంటే కన్ను అనే. గొర్రెకు తల తిప్పకుండానే చుట్టుపక్కల దాదాపు అంతా కనిపిస్తుంది. ఆ చూపుతో కుక్క తగినంత దగ్గరకు రాగానే అది జరుగుతుంది. మొరగనక్కరలేదు, కరవనక్కరలేదు. పోటీలో గొర్రెను కరచిన కుక్కను సాధారణంగా అక్కడికక్కడే పోటీ నుండి తప్పిస్తారు.

అంటే శిక్షకుడు కుక్కకు మందను తోలడం నేర్పడు. అది పుట్టుకతోనే వచ్చిన విద్య. ఆయన నేర్పేది ఆగడం, దూరంగా ఉండడం, తనతో కలిసి పనిచేయడం. మాటలను నేర్పే తీరు మమ్మల్ని మరీ ఆకర్షించినది. కుక్క తనంతట తాను గడియారపు ముల్లు తిరిగే దిశలో పోతున్నప్పుడు ఆయన మెల్లగా ‘కమ్ బై’ అంటారు. ఎదురు దిశలో పోతున్నప్పుడు ‘అవే’ అంటారు. చేయని పనిని చేయమని చెప్పడం కాదు, చేస్తున్న పనికి పేరు పెట్టడం. కొన్నాళ్ళకు పేరు వినగానే పని జరుగుతుంది. ‘లై డౌన్’ కూడా అంతే. పన్నెండు అంకె వద్దకు చేరిన కుక్కకు అక్కడ ఒక క్షణం తనకు తానే నిదానించాలనిపిస్తుంది. ఆ క్షణంలోనే ఆ మాట అంటారు. పడుకోగానే బిస్కటు ఇవ్వరు, మళ్ళీ గొర్రెల వద్దకు వదులుతారు. దానికి కావలసిన జీతం గొర్రెలే. దుడుకుగా లోపలికి చొరబడితే శిక్షకుడు అడ్డువచ్చి గొర్రెలను దానికి దక్కకుండా చేస్తారు. అది దూరం జరిగిన మరుక్షణం తాను కూడా వెనక్కు తగ్గుతారు. కొట్టడమన్నది మేము చూడలేదు. కర్ర చేతికి పొడిగింపు మాత్రమే.

“ఆగడం రానిదానికి మరేదీ నేర్పలేము” అని పెద్దాయన అనేవారు. పాఠం పది పదిహేను నిమిషాలు మించేది కాదు. కుక్కకు ఇంకా ఆశ ఉండగానే ‘దట్ విల్ డూ’ అని, అంటే ఇక చాలు అని, ముగించేవారు. ఆ మాట వినగానే గ్లెన్ అయిష్టంగా, వెనక్కు తిరిగి తిరిగి చూస్తూ ఆయన కాళ్ళవద్దకు వచ్చేది.

అన్నింటిలో కష్టమైనది మందను ముందుకు తోలడం. చదివేవారికి ఇది వింతగా తోచవచ్చు. కానీ ఈ కుక్కకు మందను మనిషి వద్దకు తేవడమే సహజం, మనిషి నుండి దూరంగా తోలడం స్వభావ విరుద్ధం. అందుకే దానిని ఆఖరున నేర్పుతారు. మొదట శిక్షకుడు కుక్క పక్కనే నడుస్తాడు. రోజులు గడిచిన కొద్దీ ఒక్కొక్క అడుగే వెనకబడుతూ, చివరకు ఎక్కడో దూరాన నిలిచిపోతాడు. దీనికి నెలలు పడుతుంది. పోటీకి తగిన కుక్క తయారు కావడానికి మొత్తం మీద రెండు మూడేళ్ళు కావాలి.

దూరం పెరిగిన తరువాత మాట స్థానంలో ఈల వస్తుంది. నోటితో వేసే ఈల కాదు. రేకును మధ్యకు మడిచి రంధ్రం చేసిన చిన్న బిళ్ళను నాలుక మీద ఉంచుకొని ఊదుతారు. ఎడమకు ఒక బాణీ, కుడికి ఒక బాణీ, ఆగమనడానికి ఒక బాణీ. రెండు కుక్కలతో ఒకేసారి పనిచేసే కాపరులు ఒక్కొక్క దానికి వేరు వేరు బాణీలు పెట్టుకుంటారు. గాలిలో గొంతుకన్నా ఈల దూరం పోతుందన్నది ఒక కారణం. పెద్దాయన చెప్పిన మరొక కారణం మాకు ఇంకా నచ్చినది. గొంతుకలో కోపం, కంగారు బయటపడతాయి, ఈలలో పడవు. మేము కూడా ఆ బిళ్ళను అడిగి తీసుకొని ప్రయత్నించాము. గాలి తప్ప మరేమీ రాలేదు. నెల్ లేచి ఇంటిలోకి పోయినది.

ఈ పోటీల చరిత్ర కొంత చెప్పుకోవాలి. బ్రిటనులో నమోదైన మొదటి పోటీ 1873 అక్టోబరులో వేల్సు దేశంలోని బాలా అనే ఊరిలో జరిగినది. అక్కడి భూస్వామి రిచర్డ్ లాయిడ్ ప్రైస్ దానిని ఏర్పాటు చేశారు. వేల్సు వారి గడ్డమీద జరిగిన ఆ పోటీలో గెలిచినది మాత్రం అక్కడ స్థిరపడిన ఒక స్కాట్లాండు వాసి, ఆయన కుక్క ట్వీడ్. 1893లో నార్తంబర్లాండులోనే, మేము చూచిన ఆ రీడ్ లోయలోనే, ఆడం టెల్ఫర్ అనే ఆయన వద్ద హెంప్ అనే కుక్క పుట్టినది. దాని తండ్రి రాయ్ కలుపుగోలుది, పనిలో మాత్రం అంతంతే. తల్లి మెగ్ బెరుకుది, చూపు మహా తీక్షణం. ఈ రెండింటి కలయికతో పుట్టిన హెంప్ నెమ్మదిగా, నిశ్శబ్దంగా పనిచేసేదట. 1901లో చనిపోయేలోగా అది రెండు వందలకు పైగా పిల్లలకు తండ్రి అయినది. నేటి బోర్డర్ కాలీల వంశవృక్షాలన్నీ వెనక్కు పోతే దాని వద్దకే చేరుకుంటాయని చెబుతారు. 1906లో అంతర్జాతీయ గొర్రెకుక్కల సంఘం స్కాట్లాండులో ఏర్పడి, నియమాలను, వంశ నమోదును చేపట్టినది. 1965లో విస్టన్ కాప్ అనే కుక్క రెండేళ్ళు కూడా నిండకుండానే ఆ సంఘం వారి అత్యున్నత పోటీలో గెలిచినది. 1976 నుండి బి.బి.సి. టెలివిజన్ ఈ పోటీలను ‘వన్ మ్యాన్ అండ్ హిజ్ డాగ్’ పేరిట ప్రసారం చేయగా పట్టణవాసులు కూడా ఇళ్ళలో కూర్చుని చూచారు. మొదటి ప్రపంచ పోటీ 2002లో జరిగినది. అది కూడా ఆ బాలాలోనే. ఈసారి గెలిచినవారు వేల్సుకు చెందిన ఆలెడ్ ఓవెన్, ఆయన కుక్క బాబ్.

మన గొల్లల, కురుమల మందల వెంట కుక్కలు లేవా అని పాఠకులు అడగవచ్చు. ఉన్నాయి. అయితే వాటి పని వేరు. అవి తోడేలును, దొంగను దరిచేరనీయకుండా మందను కాపాడతాయి. మందను కదిలించేది కాపరి గొంతుక, కర్ర, ముందు నడిచే పోతు. కాపలా కుక్కకు గొర్రెను చూస్తే వేట గుర్తుకు రాకూడదు, తోలే కుక్కకు సగం గుర్తుకు రావాలి. మన కుక్క తక్కువదీ కాదు, వారి కుక్క ఎక్కువదీ కాదు. తోడేళ్ళు ఏనాడో అంతరించిపోయిన దేశంలో కాపలాతో పని లేకపోయినది, అంతే.

ఇక పోటీ సంగతి. సెప్టెంబరులో మా శిక్షణ ముగియడానికి ముందు ఆదివారం, ఆ లోయలోనే ఒక పోటీ జరిగినది. పెద్ద పోటీ ఏమీ కాదు. వాలుగా ఉన్న ఒక పచ్చిక బీడు, పాతిక ముప్పై కార్లు, ఫ్లాస్కులలో టీ, గొడుగులు. చప్పట్లు కూడా అంతంతమాత్రమే. ఒక కారులోనే కూర్చుని న్యాయనిర్ణేత మార్కులు వేస్తున్నారు.

మార్కుల పద్ధతి మన పరీక్షలకు భిన్నం. మొదట మొత్తం మార్కులూ చేతికిచ్చి, తప్పు జరిగిన కొద్దీ కోస్తూ పోతారు. కాపరి ఒక గుంజ వద్ద నిలబడతాడు. నాలుగు వందల గజాల దూరాన, ఒక్కోసారి అంతకన్నా తక్కువలో, కొండ మీద ఐదు గొర్రెలను వదులుతారు. కుక్క గొర్రెలు బెదరకుండా వెడల్పుగా చుట్టి వాటి వెనకకు చేరాలి. దీనికి 20 మార్కులు. అక్కడ వాటిని నెమ్మదిగా కదిలించడానికి 10. తడికల జత నడుమగా తిన్నగా కాపరి వద్దకు తేవడానికి 20. అక్కడి నుండి త్రికోణాకారంలో, మరి రెండు తడికల జతల గుండా, దూరంగా తోలుకొని పోవడానికి 30. కష్టమైనది గనుక దీనికే ఎక్కువ. తరువాత నేలమీద గీసిన వలయంలో మంద నుండి కొన్నింటిని విడదీయడానికి 10, దొడ్డిలోకి ఎక్కించడానికి 10. దొడ్డి తలుపుకు ఒక తాడు కట్టి ఉంటుంది. కాపరి దానిని వదలకూడదు, గొర్రెలను చేతితో తాకకూడదు. అత్యున్నత పోటీలో నయితే కుక్క పది గొర్రెలను తెచ్చి, వాటిని నడుమ వదిలి వెనక్కు తిరిగి, వేరే దిక్కున కంటికి కూడా కనిపించని మరి పదింటిని తేవాలి. ఆ ఇరవైలోనుండి మెడకు పట్టీ ఉన్న ఐదింటిని ఏరి దొడ్డిలో పెట్టాలి.

పెద్దాయన వంతు మధ్యాహ్నం వచ్చినది. నెల్ కుడివైపుగా విశాలంగా పోయి, గొర్రెల వెనక చేరి, పడుకొని, మెల్లగా లేచినది. గొర్రెలు వరుసగా దిగసాగాయి. సగం దారిలో నేల కొంచెం పల్లమై, చుట్టూ ఎండు పొదలు ఉన్నాయి. గొర్రెలు అందులో దిగి ఇవతలికి వచ్చాయి. తడికల వైపు రావలసినవి కొంచెం ఎడమకు ఒరిగాయి. పెద్దాయన సరిదిద్దడానికి ఈల వేశారు. నెల్ కదలలేదు. అప్పటివరకు దారం కట్టి లాగినట్లు ప్రతి ఈలకు తిరిగిన కుక్క, ఈసారి నిలబడిపోయినది. ఆయన మళ్ళీ ఈల వేశారు, కొంచెం గట్టిగా. నెల్ ఆయనకు వీపు చూపి పల్లంలోకి తిరిగి పోయినది.

మా పక్కన నిలుచున్న వారు ‘అయ్యో’ అన్నట్లు నాలుక చప్పరించారు. గొర్రెలు మేత మొదలుపెట్టాయి. కొన్ని క్షణాల తరువాత నెల్ పొదల్లో నుండి ఒక గొర్రెను ముందు పెట్టుకొని బయటకు వచ్చినది. జల్లులో, అంత దూరంలో, గుంపుగా వస్తున్నవి ఐదు కావు నాలుగని మేమెవ్వరమూ గమనించలేదు. పెద్దాయన కూడా గమనించలేదు. అప్పటికి తిన్నని వరుస పోయినది, తడికల జత తప్పినది, సమయం గడిచినది. దొడ్డి తలుపు మూసేలోగా గంట కొట్టేశారు. ఫలితాల పట్టికలో ఆయన పేరు పైన ఎక్కడా లేదు.

సాయంత్రం వారి ఇంటిలో టీ త్రాగుతూ, ఆజ్ఞ ధిక్కరించిన కుక్కను ఏం చేస్తారని మేము అడిగాము. మా ప్రశ్నలో కొంత క్రమశిక్షణాభిమానం ధ్వనించి ఉండవచ్చు. ఆయన నెల్ చెవి వెనక గోకుతూ చెప్పిన మాటల సారం ఇది: “మొదటి ఈల నా పని. నాకు గీత కనిపిస్తున్నది, దానికి కనిపించదు. రెండవ ఈల మాత్రం నా తప్పు. ఎన్నడూ ఆగని చోట అది ఆగినదంటే, నాకు కనిపించనిది ఏదో దానికి కనిపించినదని నేను తెలుసుకోవలసినది.” మరి మాట వినని కుక్కలన్నీ ఇట్లాగే ఏదో చూచి ఆగుతాయా అని మేము వదలకుండా అడిగాము. ఆయన నవ్వి, చాలా కుక్కలు ఊరికే మాట వినవనీ, ఏది ఏ కోవకు చెందినదో తెలియాలంటే ఈల వేసే ముందు దాని చెవులు చూడాలనీ, అందుకే రెండు మూడేళ్ళు పడుతుందనీ అన్నారు. ప్రతి అడుగుకూ ఆజ్ఞ ఇస్తూ పెంచిన కుక్క పోటీలో కొన్నాళ్ళు బాగానే గెలుస్తుందట. అది గొర్రెలను చూడడం మానేసి ఈలనే వింటూ ఉంటుందట. మంచు కమ్మిన కొండమీదకు అటువంటి దానిని పంపలేనన్నారు.

వాయిదాకు కారణం చెబుతామన్నాము. 2006లో మేము ఒక 210 మెగావాట్ల యూనిట్‌కు షిఫ్టు బాధ్యుడిగా ఉన్నాము. ఒక రాత్రి యూనిట్‌ను తిరిగి మొదలుపెడుతున్నాము. బాయిలరు డ్రమ్ములోని నీటిమట్టాన్ని చేతితో నియంత్రించే బల్ల వద్ద ఒక యువ ఇంజనీరు కూర్చుని ఉన్నారు. చేరి ఏడాది కూడా కాలేదు. ఉన్నట్టుండి ఆవిరి వాడకం పెరిగి, డ్రమ్ములో ఒత్తిడి పడిపోయి, నీటిమట్టం పైకి లేచినది. ఇంటిలోని పాఠకుల కొరకు చెబుతున్నాము. పొయ్యి మీద పాలు పొంగినప్పుడు గిన్నె నిండినట్లు కనిపిస్తుంది గాని పాలు పెరగవు కదా. ఇదీ అంతే. నీటిలో బుడగలు ఉబ్బి మట్టం పెరిగినట్లు చూపుతుంది. నిజానికి లోపల నీరు తరుగుతూ ఉంటుంది. ఆ యువకుడి చెయ్యి కదలలేదు. ఆయన ఒత్తిడిని చూపే మీటరును చూస్తున్నారు. మేము వెనక నిలబడి మట్టాన్ని మాత్రమే చూస్తున్నాము. “ఫీడ్ తగ్గించు” అన్నాము. ఆయన ఒక్కసారి వెనక్కు తిరిగి, “సార్, ఇది స్వెల్...” అనబోయారు. “తగ్గించమన్నానా!” అన్నాము. తగ్గించారు. నిమిషం తిరగకుండానే మట్టం అడుగంటి బాయిలరు ట్రిప్ అయినది.

నివేదికలో ‘ఆపరేటరు ఫీడ్ నీటిని అవసరానికి మించి తగ్గించడం వలన’ అని ఉన్నది. అక్షరాలా నిజమే. ఎవరు తగ్గించమన్నారో అందులో లేదు. క్రింద సంతకం మాది. ఆయనకు మెమో వెళ్ళినది. ఆ మాట ఆ ఏటి గోప్య నివేదికలో కూడా చేరినది. తోటివారికన్నా ఒక ఏడాది ఆలస్యంగా ఆయనకు పదోన్నతి వచ్చినది. ఆయన ఎవరితోనూ, మాతో కూడా, ఆ విషయం ఎత్తలేదు. నెల్‌ను మేము చూచి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ బల్ల వద్ద నిలబడినప్పుడు నెల్ గుర్తుకు రాలేదు. తెల్లవారి ఇంటికి పోయి పడుకున్న తరువాత వచ్చినది. మరునాడు సంతకం చేసేటప్పుడు కూడా గుర్తున్నది. అయినా చేశాము.

ఆ ఇంజనీరు ఇప్పుడు మన మరొక కేంద్రంలో ఆపరేషన్ విభాగానికి అధిపతి. ఆయన అనుమతి లేకుండా ఆయన పేరు వ్రాయడం మర్యాద కాదు గనుక వ్రాయడం లేదు. ఆ రాత్రి చెయ్యి ఆయనది, తప్పు మాది. ఆయన సరిగానే చూచారు. ఈ వాక్యాన్ని పందొమ్మిదేళ్ళ క్రితం వేరే కాగితం మీద వ్రాయవలసినది. ఈ పత్రిక ఆ కేంద్రానికి కూడా ప్రతి నెలా వెళుతుంది. అంతకుముందే, ఈ శీర్షిక ప్రతిని ఆయనకు ఉత్తరంతో పాటు పంపించాము. ఇది వ్రాస్తున్న నాటికి జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు మాకు లేదు.

టైగర్ సంగతి మిగిలినది. ఊరకుక్కకు గొర్రెలు తోలే నెత్తురు లేదని, అయినా ఆగడం నేర్చుకోవడానికి నెత్తురుతో పని లేదని ఆ అమ్మాయికి చెప్పాము. అది తనంతట తాను కూర్చున్నప్పుడు ఒక్కసారి, మెల్లగా, ‘కూర్చో’ అనమన్నాము. మిగతా సమయమంతా నోరు మూసుకొని ఉండాలన్నాము. ఈ చివరి షరతు అన్నింటికన్నా కష్టమని వారి తల్లిగారు నవ్వారు. పది రోజులు గడిచాయి. మా వరండాలో సాయంత్రాలు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటున్నాయి. మొన్న ఆదివారం ఆ అమ్మాయి మమ్మల్ని పరీక్షకు పిలిచినది. గేటు వద్ద నిలబడి, ఒకే ఒక్కసారి, “కూర్చో” అన్నది. టైగర్ ఆమెకేసి చూచినది, మాకేసి చూచినది, కూర్చోలేదు. చెవులు నిక్కించి గేటుకేసి చూచినది. ఆ అమ్మాయి రెండవసారి అనబోయి, ఆగి, తానూ గేటుకేసి చూచినది. వీధి మలుపులో పోస్టుమాన్ సైకిలు దిగుతున్నాడు.